తెడ్డు ఎవరి చేతిలో?

“అక్కా, మేం పడవ కొంటున్నాం!”

ఫోన్లో మా చెల్లెలి మాట వినగానే పక్కన కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న మా అమ్మ చెయ్యి ఆగిపోయింది. కారు కొంటున్నామంటే ఎంతయిందని అడుగుతాం. ఇల్లు కొంటున్నామంటే ఎన్ని గదులని అడుగుతాం. పడవ కొంటున్నామంటే ఏమడగాలో నాకు తోచలేదు. చివరికి అమ్మే తేరుకుని, “ఏం, మీ ఊళ్ళోకి వరదొచ్చిందా?” అంది.

వరద కాదు, సరదా. మా మరిదిగారికి చేపలు పట్టే సరదా.

మాది రాజమండ్రి. గోదావరి ఒడ్డున పుట్టి పెరిగిన వాళ్ళం కాబట్టి పడవ మాకు వింతేమీ కాదు. కానీ 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగిన దగ్గర్నుంచీ అమ్మ మా ఇంట్లో పాపికొండల పేరెత్తనివ్వదు. అలాంటిది కూతురు సొంతానికి పడవ కొంటానంటే ఊరుకుంటుందా? ఆ వేసవిలో నేను వాళ్ళింటికి వెళ్ళాల్సి ఉంది. “వెళ్ళి ఆ పడవ సంగతేదో కాస్త చూడు” అని నాకు పురమాయించింది. డిగ్రీ చదివినా, నాలుగు కథలు రాసినా, పడవల గురించి నాకు తెలిసింది సున్న. అయినా వెళ్ళాను, చూశాను, ఆఖరికి ఎక్కాను కూడా.

చెల్లెలు వాళ్ళుండేది అమెరికాలో ఓరెగాన్ రాష్ట్రంలోని యూజీన్ అనే ఊళ్ళో. ఆ ఊరి పక్కనే మెకంజీ నది వచ్చి పెద్ద నదిలో కలుస్తుంది. కొండల్లోని ఊటల నుంచీ, మంచు కరిగీ వచ్చే నీళ్ళు. నడివేసవిలో కూడా అందులో కాలు పెడితే ఎముక జిల్లుమంటుంది. అద్దంలా ఉంటాయి, అడుగున గులకరాళ్ళు లెక్కపెట్టుకోవచ్చు. మన గోదారిని చూసిన కళ్ళకి ఇదొక పెద్ద కాలవలా అనిపిస్తుంది గానీ, దాని దూకుడు మాత్రం కాలవది కాదు.

అక్కడ వీళ్ళు పట్టేది ట్రౌట్ చేప. పట్టే పద్ధతి పేరు ఫ్లై ఫిషింగ్. మనం గాలానికి ఎర్ర గుచ్చి నీళ్ళలో వేసి కూర్చుంటాం చూడండి, ఇది అలా కాదు. చిన్న కొక్కేనికి ఈకలూ, దారాలూ, జంతువుల వెంట్రుకలూ చుట్టి అచ్చం ఈగలాగో, నీటి పురుగులాగో తయారుచేస్తారు. దూది పింజంత బరువు కూడా ఉండదు. విసిరితే ఎక్కడికీ పోదు. అందుకని బరువంతా దారంలో ఉంటుంది. లావుపాటి ఆ దారాన్ని బెత్తంతో వెనక్కీ ముందుకీ ఊపి ఊపి విసిరితే, చివర ఉన్న ఈగ నీళ్ళ మీద నిజం ఈగలా వాలాలి. చేప నమ్మాలి! వాళ్ళు వెళ్ళే చోట, నదిలో సహజంగా పుట్టిన ట్రౌట్ పడితే మళ్ళీ నీళ్ళలోకే వదిలెయ్యాలి. పెంపకం కేంద్రాల నుంచి తెచ్చి వదిలిన చేపలకి వీపు మీద తోక దగ్గరుండే చిన్న రెక్క ముందే కత్తిరించి ఉంటుంది. ఇంటికి తెచ్చుకోవాలంటే అవే. ఈ సంగతి ఫోన్లో చెబితే అమ్మ ఒక్కటే మాటంది. “పులుసుకి పనికిరాని చేప కోసం పడవా!”

నాకూ మొదట అలాగే అనిపించింది. ఒడ్డున నుంచుని విసరకూడదా అని మరిదిగార్ని అడిగాను. “ఒడ్డంతా ముళ్ళ పొదలు, లేకపోతే ఎవరివో స్థలాలు వదినగారూ. పైగా ఒడ్డు నుంచి విసిరితే నడిమి ప్రవాహం దారాన్ని లాగేస్తుంది. దాంతో ఈగ కూడా పరుగెడుతుంది. చేపకి అనుమానం వచ్చేస్తుంది. పడవలో అయితే పడవా, దారమూ, ఈగా అన్నీ ఒకే వేగంతో పోతాయి” అన్నారు. ఈ మాట మాత్రం నాకు నచ్చింది. రైల్లో పక్క రైలు మన వేగంతోనే వెళ్తుంటే కదలనట్టుంటుందే, అలాగన్నమాట.

ఇక పడవల సంగతి. వాళ్ళ భోజనాల బల్ల మీద ఉప్పూ ఊరగాయా పెట్టుకునే జాగా లేకుండా పడవల కేటలాగులే. మన పెళ్ళిళ్ళ ముందు చీరల షాపు గుర్తొచ్చింది నాకు.

అందులో మరిదిగారు మనసు పారేసుకున్నది డ్రిఫ్ట్ బోట్ అనే దాని మీద. పూర్వం ఆ మెకంజీ నది మీదే, యూజీన్ చుట్టుపక్కల వడ్రంగులూ, చేపల వేటకి జనాన్ని తీసుకెళ్ళే గైడ్లూ కలిసి దిద్దుకున్న పడవ అది. 1930ల్లో ప్లైవుడ్ అందుబాటులోకొచ్చాక వుడీ హైండ్‌మన్ లాంటి వాళ్ళ చేతుల్లో ఇప్పటి రూపానికి వచ్చింది. అడుగు చదును. కానీ పక్కనుంచి చూస్తే ముందూ వెనకా పైకి లేచి దొప్పలాగా వంపు తిరిగి ఉంటుంది. నీళ్ళకి నడుం మాత్రమే ఆనుతుంది. అందుకని ఒక్క తెడ్డు తాకిడికి ఇట్టే తిరుగుతుంది. మన శ్రీశైలం వైపు పుట్టి ఎలా గిర్రున తిరుగుతుందో తెలుసుగా? అంత కాకపోయినా దాని చుట్టమే అనుకోండి. ముందు ఒకరు నుంచుని విసరడానికి తొడలకి ఆనేలా ఒక కట్టడం ఉంటుంది. మధ్యలో తెడ్ల మనిషి. వెనక ఇంకొకరు.

పదహారడుగుల కొత్త పడవ, ఎత్తయిన అంచులు, ట్రైలర్‌తో సహా పది వేల డాలర్లు దాటుతుంది. ఆయన రంగు కూడా ఎంచేసుకున్నారు. అన్నీ చెప్పి, “ఎలా ఉంది వదినగారూ?” అన్నారు. బాగానే ఉందన్నాను. చెల్లెలు మాత్రం అంట్లు సర్దుతూ మాట్లాడలేదు. దానికి నచ్చకపోతే గిన్నెల చప్పుడు ఎక్కువవుతుంది. చిన్నప్పట్నుంచీ అంతే.

ఆ రాత్రి పిల్లాడు పడుకున్నాక చెప్పింది.

అంతకు ముందటి ఏడాది తెలిసిన వాళ్ళ పడవ అడిగి తీసుకుని ముగ్గురూ వెళ్ళారట. అందరూ విసరడానికి వీల్లేదు, ఎవరో ఒకరు తెడ్లు పట్టాలి. “ఒక్క గంట పట్టుకో, తర్వాత నేను పట్టుకుంటా” అన్నారట ఆయన. గంట కాస్తా మధ్యాహ్నమయింది. ఒక మలుపు దగ్గర ప్రవాహం పడవని బయటి ఒడ్డు వైపు ఈడ్చుకుపోయింది. అక్కడొక చెట్టు కూలి నీళ్ళలో పడుంది. నదిలో రాయి కంటే ఇలాంటి చెట్టే ప్రమాదమట. జల్లెడ లాంటిది. నీళ్ళు కొమ్మల్లోంచి వెళ్ళిపోతాయి, మనిషి అందులో చిక్కుకుపోతాడు. ముందు నుంచున్న ఆయన కంగారుగా దీని వైపు తిరిగి “కుడికి, కుడికి!” అని అరిచారట.

“ఎవరి కుడి అక్కా? ఆయన నా వైపు తిరిగి ఉన్నారు. ఆయన కుడి నా ఎడమ కదా!”

ఏం చెయ్యాలో తెలీక, తప్పించుకుపోదామని ఉన్న బలమంతా పెట్టి ముందుకి తోసింది. పడవ ఇంకా వేగంగా వెళ్ళి కొమ్మకి తగిలి ఒరిగింది. అంచు మీంచి నీళ్ళు లోపలికొచ్చాయి. వెనక సీట్లో పదేళ్ళ పిల్లాడు. రెండు మూడు క్షణాలట. ఏమనుకుందో ఏమో, పడవ కొమ్మ వెంబడే జారి బయటపడింది. ఇంటికొచ్చేదాకా ఎవరూ మాట్లాడలేదు. ఇంటికొచ్చాక ఆయన అన్నది, “నీకు తెడ్డు వెయ్యడం రాదు” అని.

“నిజమే, రాదు. నేర్పిందెవరు? కొనేటప్పుడు మాత్రం చేపలు ఎలా పట్టాలని చూస్తున్నారు గానీ, తెడ్డు ఎవరు పడతారని చూడ్డం లేదు” అంది చెల్లెలు. “నేను నడపగలిగిన పడవైతే కొంటాం. లేకపోతే లేదు.”

మర్నాడు అదే మాట ఆయనతోనూ అంది. ఆయన కాసేపు ముఖం ముడుచుకున్నారు గానీ, పిల్లాడి సంగతి ఆయన మనసులోనూ ఉన్నట్టుంది, సరే అన్నారు.

ఆ నదిలోనే గైడుగా పనిచేసే ఒకావిడ దగ్గర నేర్చుకోవడానికి కుదుర్చుకున్నారు. యాభై దాటినావిడ, మా చెల్లెలి కంటే పొట్టి. వెనక సీట్లో నేను, లైఫ్‌జాకెట్ బిగించుకుని, ఆంజనేయ దండకం చదువుకుంటూ. మామూలు పడవలో తెడ్డు వేసేవాళ్ళు వెళ్ళే వైపుకి వీపు పెట్టి కూర్చుంటారు. ఇక్కడ అలా కాదు. నది ఎటు పోతోందో అటే ముఖం. ముందేముందో కనబడుతూ ఉంటుంది. ఇక తెడ్డు లాగడం ఎటనుకున్నారు? వెనక్కి, అంటే ఎదురు ప్రవాహంలోకి. పడవని ముందుకి నడపడానికి తెడ్డు అక్కర్లేదు, ఆ పని నది చేస్తుంది. తెడ్డు ఉన్నది నిదానం చెయ్యడానికి. రాయో, చెట్టో కనబడితే పడవ ముక్కుని సరిగ్గా దాని వైపే తిప్పి, వెనక్కి లాగెయ్యాలి. ఏటవాలుగా ఒడ్డుకి జరిగిపోతుంది. ప్రమాదానికి ఎదురుగా ముఖం పెట్టి దూరం జరగడమన్నమాట. తప్పించుకుపోదామని ముందుకి తోశామా, అయిపోయామే!

“అంటే ఆ రోజు నేను చేసింది సరిగ్గా తలకిందులు” అంది చెల్లెలు. రెండు గంటల్లో చెమటలు కక్కుతూనే, ఒక సుడి దగ్గర పడవని గుంజకి కట్టినట్టు నిలబెట్టేసింది. బలం భుజాల్లోది కాదుట. కాళ్ళు ఆనించే కమ్మీ సరైన దూరంలో ఉండి, కాళ్ళు తన్నిపెట్టి వీపుతో లాగాలి. అదేమో, ముందటేడు తెచ్చుకున్న పడవలో కమ్మీ ఆ పడవ యజమాని కాళ్ళకి సరిపోయేలా ఉంది. ఇది గాల్లో కాళ్ళాడించుకుంటూ తెడ్డు వేసింది పాపం. మన వంటింటి గట్టు మగ మేస్త్రీ ఎత్తుకి కట్టినట్టే ఇదీను.

ఆ వారమే అక్కడి లైబ్రరీలో ఫ్లై ఫిషింగ్ పుస్తకాలు తిరగేస్తుంటే జోన్ వుల్ఫ్ అనే ఆవిడ గురించి చదివాను. 1926లో పుట్టిన ఈవిడ 1943 నుంచి 1960 దాకా దారం విసిరే పోటీల్లో పదిహేడు జాతీయ బహుమతులు గెల్చుకుంది. 1951లో దూరం విసిరే పోటీలో మగవాళ్ళందర్నీ ఓడించింది. తర్వాత భర్తతో కలిసి నేర్పే బడి కూడా పెట్టింది. ఇదంతా ఎలా మొదలైందంటే, చిన్నప్పుడు ఓ సాయంత్రం నాన్న చేపలు పడుతుంటే అమ్మ తెడ్లు వేస్తోందట. దగ్గరికి తెచ్చావని ఒకసారి, దూరం తీసుకుపోయావని ఒకసారి అమ్మకి చీవాట్లు. పడవలో కూర్చుని చూస్తున్న ఆ పిల్లకి అప్పుడే అర్థమైందట, తెడ్డు పట్టడం కంటే గాలం పట్టడమే మేలని! ఇది మా చెల్లెలికి చదివి వినిపిస్తే పడీ పడీ నవ్వింది. మా మరిదిగారు పేపరు అడ్డం పెట్టుకున్నారు.

ఇంకో కథ కూడా ఉంది. స్కాట్లాండ్‌లో టే నది మీద 1922 అక్టోబరు 7న జార్జినా బాలంటైన్ అనే ఆవిడ 64 పౌండ్ల సాల్మన్ చేపని పట్టింది. అంటే మన లెక్కలో ఇరవై తొమ్మిది కిలోలు. బ్రిటన్‌లో గాలంతో పట్టిన సాల్మన్‌లలో ఇప్పటికీ అదే రికార్డు. ఈగతో కాదులెండి, ఎర చేపతో పట్టింది. రెండు గంటలకి పైగా పెనుగులాడింది. ఆ చేపని ఆస్పత్రికి ఇచ్చేశారు. ఆ రోజు పడవలో తెడ్లు పట్టింది ఎవరనుకున్నారు? వాళ్ళ నాన్న.

ఇక కొనడం మొదలైంది. ముందు పడవ, తర్వాత నది అనుకుంటే పప్పులో కాలేసినట్టే. ముందు నది, అందులో మనం వెళ్ళే ముక్క ఏదో తేల్చుకోవాలి. మెకంజీ పైభాగంలో రాళ్ళ మీంచి నీళ్ళు దూకే చోట్లున్నాయి. అక్కడికి అంచులు ఎత్తున్న పడవ కావాలి, లేకపోతే అల లోపలికొస్తుంది. కానీ ఎత్తు అంచులకి గాలి పట్టుకుంటుంది, తెరచాపలా. సాయంత్రం ఎదురుగాలిలో దాన్ని లాగడం చెల్లెలి వల్ల కాదు. ఊరి దగ్గరి కింది భాగం నెమ్మదైనది. దానికి తక్కువ అంచులు చాలు. ఎక్కడం దిగడం కూడా తేలిక. అడుగు కొలత కూడా చూడాలి. 48 అంగుళాల అడుగైతే చెప్పినట్టు తిరుగుతుంది. 54 అంగుళాలదైతే ఎక్కువ స్థిరంగా, తక్కువ లోతు నీళ్ళలో కూడా తేలుతుంది, కాకపోతే కాస్త బరువు.

మరిదిగారి కల ఇంకొకటుంది. డెషూట్స్ నది మీద రెండ్రోజుల ప్రయాణం. “దానికి పెద్ద పడవ ఉండొద్దూ?” అన్నారు. తీరా నియమాలు చదివితే ఆ నది దిగువ భాగంలో పడవలోంచి చేపలు పట్టడమే నిషేధం! దిగి, ఒడ్డున గానీ నీళ్ళలో గానీ నుంచుని పట్టుకోవాలి. పడవ ఒట్టి బండి మాత్రమే. పైగా అక్కడి వైట్‌హార్స్ అనే చోట ఎన్ని పడవలు రాళ్ళకి పట్టుకున్నాయో. నుంచుని విసరడానికి వేలు పోసి కట్టించుకున్న హంగులు అక్కడ దేనికీ పనికిరావు. ఆ కల ప్రస్తుతానికి వాయిదా పడింది.

దేంతో చేసినది కొనాలన్నది ఇంకో రభస. చెక్క పడవ అందం చెప్పనలవి కాదు గానీ, ఏటా రుద్ది నూనె రాసి ఆవకాయ జాడీలా చూసుకోవాలి. అల్యూమినియం గట్టిది, సొట్ట పడుతుంది గానీ పగలదు. కానీ రాయి తగిలితే పళ్ళు జివ్వుమనే చప్పుడు, పైగా రాయిని పట్టుకుని వదలదు. ఫైబర్‌గ్లాస్ రాళ్ళ మీంచి జారిపోతుంది. బీటలిచ్చినా ఇంట్లోనే అతుకు వేసుకోవచ్చు.

వీటన్నిటికీ పోటీగా గాలి పడవ. రాఫ్ట్ అంటారు. గాలి కొట్టిన గొట్టాల మీద లోహపు చట్రం, దాని మీద సీట్లు. లోపలికొచ్చిన నీళ్ళు వాటంతటవే పోయేలా అడుగున కన్నాలు. రాయికి కొట్టుకుంటే బంతిలా వెనక్కొస్తుంది. తప్పు చేసినా క్షమిస్తుంది. నేను దీనికే ఓటేశాను, అమ్మ తరఫున కూడా. కానీ ఒకే రోజు మధ్యాహ్నం రెండూ నడిపి చూసింది మా చెల్లెలు. రాఫ్ట్‌లో పది సార్లు లాగితే వచ్చే ఫలితం గట్టి పడవలో ఆరేడు సార్లకే వచ్చిందట. సాయంత్రానికి భుజం చెప్పేస్తుంది ఏది తనకి సరిపోతుందో. ఒక్కరే కూర్చునే చిన్న రెండు గొట్టాల పడవలు కూడా ఉన్నాయి, పిల్లాడితో వెళ్ళేవాళ్ళకి ఎలా కుదురుతుంది? ఇక నడుం చుట్టూ ట్యూబు వేసుకుని తేలే సరంజామా చెరువులకే. పారే నదిలో దాంతో దిగడమంటే కోరి ఆపద తెచ్చుకోవడమే.

ఆఖరికి కొన్నది పద్నాలుగడుగుల పాత ఫైబర్‌గ్లాస్ డ్రిఫ్ట్ బోట్, తక్కువ అంచులది. ధర కొత్తదాంట్లో సగం కూడా లేదు. బేరం మా చెల్లెలే ఆడింది, ఆ విద్య రాజమండ్రి మెయిన్ రోడ్డులో నేర్చుకుంది కదా! కొనేముందు అది చూసినవి వింటే మీకు నవ్వొస్తుంది. తెడ్ల సీటు ముందుకీ వెనక్కీ జరుగుతుందా? కాళ్ళ కమ్మీ తనకి అందుతుందా? వెనక కొస నుంచి వేలాడే లంగరు తాడు కూర్చున్న చోటి నుంచే లాగి వదలొచ్చా? లోపల దారం చిక్కుకునే మేకులూ కొక్కేలూ ఎన్ని? నీళ్ళలో పడితే మళ్ళీ ఎక్కగలదా? ఈ ఆఖరిదానికి ఒడ్డు దగ్గర మోకాలి లోతులో నిజంగానే పడి ఎక్కి చూసింది. అమ్మేవాడు నోరు తెరిచాడు. వందకిలోలకి పైమాటే అయిన పడవని ట్రైలర్ మీదకెక్కించి, కారు వెనక్కి నడిపి కూడా చూసుకుంది.

మిగిలిన డబ్బులో ఒక తెడ్డు అదనంగా కొన్నారు. తెడ్డు విరిగితే నది ఆగదు కదా. ముగ్గురికీ ఎవరి కొలతకి వాళ్ళకి లైఫ్‌జాకెట్లు. తొడుక్కుని భుజాల దగ్గర పట్టి పైకి లాగితే చెవుల దాకా రాకూడదు, అదీ పరీక్ష. లంగరు వేగంగా పారే చోట వెయ్యకూడదని, వేస్తే పడవ వెనక కొస నీళ్ళలోకి దిగిపోతుందని ఆ గైడావిడ పదిసార్లు చెప్పింది. తాడు కొయ్యడానికి కత్తి ఒకటి తెడ్ల సీటు పక్కనే.

ఇంకో ఏర్పాటు కూడా చేసుకున్నారు. కుడీ ఎడమా అన్న మాటలు పడవలో నిషేధం. చెయ్యి చాపి చూపించాలి. అలాగే తెడ్డు వంతు గంటల లెక్కన కాదు. ఇన్ని మలుపులని లెక్క, మలుపులు లెక్కపెట్టేది పిల్లాడు. వాడు అమ్మ వైపూ కాదు, నాన్న వైపూ కాదు, వాడికి ఎంతసేపూ తన వంతు ఎప్పుడొస్తుందానే.

నేనున్నప్పుడు మూడుసార్లు వెళ్ళాం. 2020 సెప్టెంబరులో ఆ లోయలో పెద్ద కార్చిచ్చు రేగి ఊళ్ళకి ఊళ్ళు కాలిపోయాయి. నది ఎగువకి వెళ్తే ఇప్పటికీ నల్లటి మోడులు కనిపిస్తాయి. ఆ మోడులే కూలి నదిలోకి వస్తుంటాయి కాబట్టి నిన్న ఖాళీగా ఉన్న మలుపు ఇవాళ ఖాళీగా ఉంటుందన్న నమ్మకం లేదు. అందుకని మలుపు కనబడకపోతే ముందే ఒడ్డుకి లాగి, దిగి, నడిచి వెళ్ళి చూసొస్తారు. మొదట్లో మరిదిగారు విసుక్కునేవారు. మూడోసారి ఆయనే ముందు దిగారు.

మొన్న చెల్లెలు ఒక ఫొటో పంపింది. పడవ ముందు కొసలో అది నుంచుని ఉంది. జుట్టు మొహం మీద పడుతోంది, చేతిలో బెత్తం విల్లులా వంగింది. వెనక మరిదిగారు తెడ్లు బిగించి పట్టుకుని, ఎండకి ఎర్రబడిపోయి, ఇది ఏమంటుందోనని దీని వంకే చూస్తున్నారు. అమ్మకి చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది. చేపనీ చూడలేదు, కూతుర్నీ చూడలేదు.

“పాపం, అల్లుడికి ఓ టోపీ అయినా పెట్టమని చెప్పవే” అంది.